రజబ్ పేరు మీద నీళ్ళు

కనుమ మొదటి మలుపు దగ్గరే సూది కదిలింది. దానికేసి చూడకూడదని అనుకుంటూనే బఖీత్ చూశాడు. ఖార్గా ఊరు దాటి చదును రోడ్డు మీద వచ్చినంతసేపూ ఆ సూది అడుగున పడి నిద్రపోయింది. ఎక్కుడు మొదలయ్యేసరికి ఒళ్ళు విరుచుకుని లేచింది. రెండో మలుపుకి సగం దాటింది, మూడో మలుపులో ఎర్ర గీత అంచు ముట్టుకుంది.

అతను గేరు తగ్గించి, చెయ్యి చాచి హీటర్ మీట లాగాడు. ఆగస్టు నెల ఎండ, చుట్టూ ఎడారి, అద్దెకి తిప్పే పాత పెజో కారులో ఏడుగురు మనుషులు, నెత్తిన ఖర్జూరం బుట్టలు. అందరి మోకాళ్ళకీ పొయ్యి సెగ కొట్టింది.

"ఏంటయ్యా ఇది, మమ్మల్ని వేయించుకు తింటావా?" అని వెనక సీటులోంచి ఒకాయన అరిచాడు.

"ఇంజన్ వేడి కాస్త మీరూ పంచుకోవాలి మావా. పుణ్యం వస్తుంది."

"ఆ పుణ్యమేదో మీ ఓనర్నే మూటగట్టుకోమను. ముందు అది ఆపు!"

అందరూ నవ్వారు. బఖీత్ కూడా నవ్వాడు గానీ మీట వెనక్కి తొయ్యలేదు. కనుమ పైకి చేరేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది.

పైన రోడ్డు పక్కన చలివేంద్రం ఉంది. నాలుగు కర్రలు, తాటాకు లాంటి ఖర్జూరపాకుల కప్పు, దాని నీడలో కట్టె చట్రం మీద రెండు పెద్ద మట్టి బానలు, వాటి మీద చెక్క మూతలు, గొలుసుకి కట్టిన రేకు చెంబు. ఇవతలి ఊరికీ అవతలి అస్యూత్ పట్నానికీ మధ్య ఇంకెక్కడా చుక్క నీరు దొరకదు. బఖీత్ చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. ఉడుకునీళ్ళు బుస్సున ఎగిశాయి. మోచేతి మీద అలాంటి పాత మచ్చలు అతనికి చాలానే ఉన్నాయి. తర్వాత చెంబు గొలుసు విప్పి బానలో ముంచాడు. బాన నీళ్ళు వేళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. ఒక చెంబు, ఇంకో చెంబు, ఇంకోటి. కారు తాగుతూనే ఉంది. కారు తాగాక మిగిలింది మనుషులు తాగారు.

వెళ్ళేముందు బానల ముందు నిలబడి చేతులు పైకెత్తి, ఆ బానలు ఎవరి పేరు మీద పెట్టారో ఆ చనిపోయిన రజబ్ ఆత్మకోసం ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదివాడు. అది మాత్రం అతనెప్పుడూ ఎగ్గొట్టలేదు.

*

ఊరికి తిరిగొచ్చాక కారుని మెకానిక్ గిర్గిస్ షెడ్డులో పెట్టాడు. ఉస్తాద్ గిర్గిస్ ఇంజన్ బాగా చల్లారేదాకా పక్కన కూర్చుని పొగ తాగి, అప్పుడు లేచి రేడియేటర్ అడుగు మర విప్పాడు. ఎర్రటి బురద దిగింది. ఖార్గా బోరునీళ్ళలో ఉండే తుప్పంతా అందులోనే పేరుకుంది.

"ఇది రేడియేటరా, ఇటుకల బట్టీయా?" అన్నాడు గిర్గిస్. తర్వాత పైన గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి చూశాడు. "ఇక్కడ థర్మోస్టాట్ ఉండాలి. ఏది?"

"ఓనరు హాజీ పీకించేశాడు, పోయిన వేసంగిలో. చలిదేశాలోళ్ళకి గానీ మనకెందుకు అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"నేనేమంటాను? పీకినకాడ్నించీ సూది కిందే ఉంటోంది కదా అని సంతోషపడ్డా."

గిర్గిస్ అతనికేసి జాలిగా చూశాడు. "మీ నాన్న ఒళ్ళు చల్లబడితే సంతోషపడతావా? ఇంజన్‌కీ ఒక ఒంటివేడి ఉంటుందిరా బాబూ. సూది సగానికి కాస్త కింద నిలబడి, ఎక్కుడులోనూ దిగుడులోనూ కదలకుండా ఉందనుకో, అదీ దాని ఆరోగ్యం. అడుగున పడున్నా జబ్బే, ఎర్రగీత మీదున్నా జబ్బే. దీనికి రెండూ ఉన్నాయి. చదునులో శీతం, ఎక్కుడులో జొరం."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"రేడియేటర్ మార్చాలి, థర్మోస్టాట్ వెయ్యాలి, ఈ ఎర్రనీళ్ళు మానాలి. అప్పటిదాకా కనుమ ఎక్కకు. ఎక్కావే అనుకో, ఉడికినప్పుడు చన్నీళ్ళు మాత్రం పొయ్యకు. చెయ్యి ఆనించగలిగేదాకా ఆగు."

"ఏడుగురు మీదపడి అరుస్తుంటే ఆగడమా?"

"అరవనీ. అరిస్తే ఇంజన్ హెడ్డు పగలదు. చన్నీళ్ళకి పగులుద్ది."

బఖీత్ ఆ సాయంత్రమే హాజీ దర్దీర్ ఎరువుల కొట్టుకి వెళ్ళాడు. హాజీ గోనెల మధ్య కుర్చీలో కూర్చుని టీ గ్లాసులో చక్కెర కలుపుతున్నాడు. బఖీత్ చెప్పిందంతా విన్నాడు. వింటున్నంతసేపూ చెంచా ఆపలేదు.

"కనుమ మీద నీళ్ళు లేవూ?" అన్నాడు చివరికి.

"అవి తాగడానికండి. నబవియ్యా పెద్దమ్మ కొడుకు పేరు మీద..."

"దేవుడిచ్చిన నీళ్ళు. మనిషి తాగితేనేం, మనిషిని మోసే బండి తాగితేనేం? నువ్వే కదా ఆవిడ డబ్బాలు మోసుకెళ్ళేది? మోసినోడికి ఆమాత్రం హక్కుండదా?"

"గిర్గిస్ అంటున్నాడండి, హెడ్డు పగిలిపోద్దని."

"గిర్గిస్ రిపేర్లమ్ముకుని బతుకుతున్నాడు. రిపేరు అక్కర్లేదని అంటాడేంటి?" హాజీ టీ ఒక గుక్క తాగి, గ్లాసు పళ్ళెంలో పెట్టాడు. "ఇష్టం లేకపోతే తాళాలు ఆ గోనె మీద పెట్టి వెళ్ళు. అడ్డాలో డ్రైవర్లకి కరువా?"

తాళాలు బఖీత్ పిడికిట్లోనే ఉన్నాయి. పిడికిలి విప్పడానికి అతనికి ధైర్యం చాల్లేదు. ఇంటిదగ్గర నలుగురు పిల్లలున్నారు, వాళ్ళకి కనుమ సంగతీ సూది సంగతీ తెలీదు. "సరేనండి" అని వచ్చేశాడు.

*

కొన్ని వారాలు గడిచాయి. ఒక గురువారం పొద్దున నబవియ్యా ఎప్పట్లాగే కార్ల అడ్డాకి వచ్చింది. గాడిదబండి మీద రెండు నీళ్ళ డబ్బాలు. బోరు నీళ్ళు కావు, ఆవిడ పేటలో ఉన్న తియ్యని బావివి. ఆవిడే తోడి, గుడ్డతో వడకట్టి తెస్తుంది. కొడుకు రజబ్ లారీ ఆ కనుమ మీద చెడిపోయి, సాయానికెవరూ రాక, దాహంతో పోయాడు. అప్పట్నించీ ఆ బానలు ఆవిడవే. మొదట్లో అడ్డాలో డ్రైవర్లంతా వంతులేసుకుని డబ్బాలు మోసేవాళ్ళు. తర్వాత బఖీత్ ఒక్కడే "నేను చూసుకుంటాలే" అన్నాడు. మంచిపని ఒకడు మీదేసుకుంటే మిగతావాళ్ళు హాయిగా మర్చిపోతారు. అలాగే మర్చిపోయారు.

"పోయినవారం నీళ్ళు నిండా పోశావా నాయనా?"

"పోశానమ్మా."

"ఫాతిహా?"

"చదివాను పెద్దమ్మా. అది మర్చిపోతానా?"

"నీ పిల్లలు చల్లగా ఉండాలి." ఆవిడ గుడ్డ మూటలోంచి పిండిని ఎండలో పొంగించి కాల్చిన గుండ్రటి రొట్టె తీసి అతని చేతిలో పెట్టింది. ప్రతి గురువారం పెడుతుంది. కళ్ళలో పొర కమ్మి ఆవిడకి మనుషులు మసకగా కనిపిస్తున్నారు. అందుకని రొట్టె ఇచ్చేటప్పుడు అతని చెయ్యి తడిమి చూసి ఇస్తుంది.

ఆ గురువారం కూడా కనుమ మీద సూది ఎర్రగీత దాటింది. మొదట్లో బానలు నింపాక ఒక చెంబు తీసుకునేవాడు. తర్వాత ఒక డబ్బా బానకీ ఒకటి కారుకీ. ఈమధ్య రెండు డబ్బాలూ కారుకే. బానల మూతలు ఎత్తను కూడా ఎత్తలేదు. వాటికేసి చూడకుండానే చేతులెత్తి ఫాతిహా చదివాడు. చదువుతుంటే అక్షరం తడబడలేదు. ఆ సంగతి తల్చుకుంటే తర్వాత అతనికి అన్నిటికంటే అదే సిగ్గనిపించింది.

*

శనివారం కారు నిండుతుండగా నబవియ్యా మళ్ళీ వచ్చింది. డబ్బాలతోనే వచ్చింది. గాడిదబండి తోలేవాడు వాటిని దించి వెళ్ళిపోయాడు.

"ఇవాళ నేనూ వస్తా నాయనా. ముందు సీటులో చోటు చెయ్యి."

బఖీత్ డబ్బాలు అందుకుని కారు వెనక పెట్టాడు. "ఎందుకమ్మా ఈ ఎండలో? నేను పోస్తాగా."

"పొయ్యవని కాదు. చూపు ఇంక నిలవదని డాక్టరన్నాడు. ఉన్న చూపు ఉండగానే వాడి బానలు ఓసారి చూసుకుందామని."

ఏం చెప్పి ఆపుతాడు? వెనక సీటులో సిద్ధీక్ అనే ముసలాయన, ఆయన కూతురు రావ్యా కూర్చున్నారు. ఆయనకి మూత్రపిండాల జబ్బు, అస్యూత్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళుతోంది. మిగతావాళ్ళు ఊళ్ళోవాళ్ళే, సరుకులమ్ముకునే బేరగాళ్ళు. బఖీత్ బండి తీశాడు. దారిపొడుగునా ఒక్కటే కోరుకున్నాడు, ఎవడో ఒక పుణ్యాత్ముడు ఈ రెండ్రోజుల్లో ఆ బానల్లో నాలుగు చెంబులైనా పోసి ఉండాలని.

ఎక్కుడులో సూది లేచింది. హీటర్ మీట లాగాడు. ఈసారెవరూ నవ్వలేదు. సిద్ధీక్ నోరు తెరిచి రొప్పుతుంటే రావ్యా కొంగుతో విసురుతోంది.

"కాస్త ఆపవా అన్నా ఆ వేడి, నాన్నకి ఊపిరాడట్లేదు."

"ఆపితే ఇంజన్ ఆగిపోద్దమ్మా. పైకి పోనియ్యి, పైన నీళ్ళున్నాయి."

నబవియ్యా ముఖం వెలిగింది. "ఉన్నాయి తల్లీ. మా రజబ్ నీళ్ళు. తాగిద్దువుగాని."

పైన కారు దానంతటదే ఆగిపోయింది. ఆవిరి కమ్ముకుని అద్దంలోంచి ఏమీ కనపడలేదు. నబవియ్యా తలుపు తీసుకుని, నేల తడుముకుంటూ నీడలోకి నడిచింది. బఖీత్ వెనకే వెళ్ళాడు. ఆవిడ బాన పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. నీళ్ళున్న బాన పైన తడి చెమరుస్తూ, పచ్చగా నాచు పట్టి ఉంటుంది. ఆ నాచు ఎండి, పొడై, ఆవిడ అరచేతికి అంటుకుంది. మూత తీసి భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టింది. అడుగున ఇసుక, ఒక చచ్చిన కందిరీగ. రెండో బానలోనూ అంతే. ఆ బానకి పై నుంచి కింది దాకా బీట వచ్చింది.

ఆవిడ వేళ్ళకంటిన ఇసుకని ఇంకో చేత్తో దులుపుకుంది. ఒకటి రెండు రోజుల్లో ఎండినవి కావని ఆ వేళ్ళకి తెలిసిపోయింది.

"ఫాతిహా అయినా చదివావా?"

"చదివానమ్మా. ప్రతిసారీ."

"ఎండిన బానల ముందరా?"

బఖీత్ తల వంచుకున్నాడు. ఆవిడ అరుస్తుందని, శపిస్తుందని ఎదురుచూశాడు. ఆవిడ ఆ పని చెయ్యలేదు. కారు వెనక నుంచి డబ్బాలు తెమ్మంది. మొదట చెంబు నింపి సిద్ధీక్ దగ్గరికి వెళ్ళి తాగించింది. మిగతావాళ్ళూ తలా ఒక గుక్క తాగారు. తర్వాత డబ్బాల పక్కన కూర్చుంది.

"కారు ఎంతసేపటికి చల్లారుద్ది?"

"చాలాసేపు పడుద్దమ్మా. చెయ్యి ఆనేదాకా."

"అయితే ఆగుదాం. నీడుంది, నీళ్ళున్నాయి."

అందరూ ఆ మాట విన్నారు. కానీ బేరగాళ్ళలో ఒకడు వాచీ చూసుకున్నాడు. "ఆగడమేంటి? ముసలాయన ఇక్కడే పోయేట్టున్నాడు. డబ్బాల్లో నీళ్ళున్నాయిగా, పోసి పద!" ఇంకొకడు అందుకున్నాడు. "రోజూ పోసేదేగా నువ్వు? ఇవాళ్ళేంటి కొత్తగా?" రావ్యా ఏడుపు గొంతుతో, "అన్నా, త్వరగా ఏదైనా చెయ్యి అన్నా" అంది.

గిర్గిస్ మాట బఖీత్‌కి గుర్తులేక కాదు. అరిస్తే హెడ్డు పగలదన్నది చెవిలో గింగురుమంటూనే ఉంది. కానీ నబవియ్యా మసక కళ్ళు తనమీదే ఉన్నాయి. ఆ కళ్ళముందు అంతసేపు కూర్చోవడం కంటే కారు తీసుకుని ఎక్కడికైనా పోవడమే మేలనిపించింది. వంగి డబ్బా అందుకున్నాడు. ఆవిడ డబ్బా పిడి మీద చెయ్యి వేసింది.

"వద్దు నాయనా."

"అందరికోసమేనమ్మా" అని ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

ఒక డబ్బా సగం పోశాక లోపల ఠప్పుమని చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడు కాదు, చలికాలంలో వేడి టీ పోస్తే గ్లాసు పగిలే చప్పుడు. అప్పుడైనా ఆగలేదు. ఆగితే ఆ చప్పుడు నిజమైపోతుందన్నట్టు రెండో డబ్బా కూడా ఎత్తాడు. పోసిన నీళ్ళు పోసినట్టే ఇంజన్ పక్కనుంచి కారి ఇసుకలో ఇంకిపోయాయి. ఆయిల్ పుల్ల తీసి చూస్తే దానికి నీళ్ళు కలిసిన ఆయిల్ పాల మీగడలా తెల్లగా అంటింది. ఇంక ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉత్త మూలుగే.

ఇప్పుడు నీళ్ళూ లేవు, కారూ లేదు. అరిచినవాళ్ళు ఎవరిదారిన వాళ్ళు నీడలో చోటు వెతుక్కున్నారు. ఒక పెజో నిండా మనుషులతో పోతూ హారన్ కొట్టి ఆగకుండా పోయింది. నీడ బానల చుట్టూ తిరిగి తిరిగి అవతలివైపుకి పోయింది. సిద్ధీక్ మాట్లాడటం మానేశాడు. తర్వాత పెదాలు తడుపుకోవడం మానేశాడు. పొద్దు వాలాక సిమెంటు లారీ ఒకటి వచ్చి ఆగింది. ఆయన్ని బస్తాల మీద పడుకోబెట్టారు. కూతురు ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది.

బఖీత్ చెయ్యందిస్తే నబవియ్యా పట్టుకోలేదు. లారీ డ్రైవరు చెయ్యి పట్టుకుని ఎక్కింది.

*

సిద్ధీక్ అస్యూత్ ఆసుపత్రిలో మర్నాడు పోయాడు. మూత్రపిండాలు చెడ్డాయి, ఆయుష్షు తీరింది అన్నారు డాక్టర్లు. ఊళ్ళోవాళ్ళూ అదే అన్నారు. ఎవరూ బఖీత్‌ని ఒక్క మాట అనలేదు. అంటే బావుండునని అతనికి అనిపించింది.

కారు సంగతి మాత్రం అందరూ అన్నారు. హాజీ దర్దీర్ అడ్డాలో నిలబడి, "రేడియేటర్ మార్పించుకోరా అని మొత్తుకున్నాను. వింటేనా? చేజేతులా ఇంజన్ పగలగొట్టాడు" అని చెప్పాడు. గిర్గిస్ ఒక్కడే ఉమ్మేసి షెడ్డులోకి పోయాడు. హాజీ అబద్ధం హాజీకీ తెలుసు, బఖీత్‌కీ తెలుసు. అయినా ఎదురు చెబుదామంటే తను నింపని బానలు గుర్తొచ్చాయి. తాళాలు ఇచ్చేశాడు.

గురువారం పొద్దున అలవాటు కొద్దీ అడ్డాకి వచ్చి గోడవారన కూర్చున్నాడు. గాడిదబండి చప్పుడు విని తల దించుకున్నాడు. డ్రైవర్లు ముగ్గురు నలుగురు ఎదురెళ్ళారు.

"ఇటియ్యి పెద్దమ్మా, నేను తీసుకెళ్తా."

"నాకియ్యండి, ఇక నేనే చూసుకుంటా."

నబవియ్యా వాళ్ళని దాటుకుని, గోడ తడుముకుంటూ వచ్చింది. బండివాడు రెండు డబ్బాలనీ బఖీత్ కాళ్ళ ముందు పెట్టాడు. కొత్త బాన ఒకటి దించి పక్కన పెట్టాడు.

"నాకు కారు లేదమ్మా" అన్నాడు బఖీత్.

"తెలుసు. కారున్నోడికి ఇస్తే ఏమైందో చూశాను. నువ్వు ప్యాసింజరుగా కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళు."

"వాళ్ళెవరికైనా ఇవ్వొచ్చుగా. నన్నెందుకు నమ్ముతావు?"

"నమ్మట్లేదు. నువ్వు మొయ్యాలంతే."

ఈసారి రొట్టె పెట్టలేదు. అతని చెయ్యి తడమలేదు.

అవద్ అనే డ్రైవరు పెజోలో వెనక సీటు దొరికింది. బఖీత్ డబ్బాలు కాళ్ళ సందున ఇరికించుకుని, బాన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కుడులో అవద్ చెయ్యి కూడా హీటర్ మీట మీదికి పోయింది. వెనకనుంచి సూది కనిపించదు. అయినా ఇంజన్ గొంతు మారిన చోటల్లా బఖీత్‌కి అది ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

పైన దిగి, బీటబారిన బాన తీసేసి కొత్తది చట్రం మీద ఎక్కించాడు. బాగున్న పాత బానని కడిగి ఇసుక పారబోశాడు. రెండిట్లోనూ నీళ్ళు పోశాడు. ఎండిన మట్టి చాలా నీళ్ళు పీల్చుకుంది. పైన మెల్లగా తడి రంగు వచ్చింది. ప్రయాణికులు ఒక్కొక్కరే వచ్చి తాగారు, అతనే ముంచి ఇచ్చాడు. అందరి తర్వాత అవద్ రేకుడబ్బా పట్టుకుని వచ్చాడు. వెనక అతని కారు పొగలు కక్కుతోంది.

"నువ్వు తాగు, ముంచిస్తా. కారుకి ఇవ్వను. చల్లారనియ్యి."

"ఓహో! ఎవరు చెప్తున్నారో! కనుమ మీద కారు పగలగొట్టి ముసలోణ్ణి చంపినోడివి నువ్వా చెప్పేది?"

ఇన్ని రోజులుగా ఎవరూ అనని మాట. బఖీత్ దానికోసమే ఎదురుచూస్తున్నట్టు నిట్టూర్చాడు.

"అవును, నేనే" అన్నాడు. మూతలు పెట్టి, వాటి ముందు నేల మీద కూర్చుని, బానలకి వీపు ఆనించాడు. ప్రయాణికులు కేకలు మొదలుపెట్టారు, ఆలస్యమవుతోందనీ, వీడెవడనీ, పక్కకి లాగెయ్యమనీ. ఆ కేకలన్నీ అతను ఇంతకుముందు విన్నవే. బాన తడి అతని పొడుగు చొక్కా జలబియ్యాలోంచి వీపుకి తగిలింది. అవద్ తిట్టాడు, కారు చుట్టూ తిరిగాడు, చివరికి బండి నీడలో చతికిలబడ్డాడు.

చాలాసేపటికి బానెట్ మీద చెయ్యి ఆనింది. అవద్ కారులో దాచుకున్న ఇంకో డబ్బాలోని ఎర్రనీళ్ళే కొద్దికొద్దిగా పోసుకుని, ఇంజన్ అందుకోగానే అందర్నీ ఎక్కించుకున్నాడు. బఖీత్ కోసం ఆగలేదు. కారు చప్పుడు మలుపు దాటి పోయాక, కనుమ మీద అతనూ రెండు బానలూ మిగిలారు.

లేచి, పాత బాన ముందు నిలబడి చేతులెత్తి, రజబ్ పేరు మీద ఫాతిహా చదివాడు. ఎప్పట్లాగే అక్షరం తడబడలేదు. తర్వాత కొత్త బాన ముందుకి జరిగాడు. మళ్ళీ చేతులెత్తాడు. ఇది ఎవరి పేరు మీదో చెప్పాలి. బాన అంచునుంచి ఒక నీటిచుక్క దిగి ఇసుకలో ఇంకింది, దాని వెనకే ఇంకోటి.

"సిద్ధీక్" అన్నాడు.

ఆ తర్వాత ఫాతిహాలో మొదటి మాట ఎంతకీ గుర్తురాలేదు.